ఇంజను బిగింపులో చిన్న పొరపాట్లు – సంఘాలకు పెద్ద నష్టాలు

పాల సంఘాల పత్రికలో ఇంజన్ల గురించి వ్రాయడమేమిటని కొందరు సభ్యులకు అనిపించవచ్చు. పశువుల మేత, దూడల పెంపకం, వెన్న శాతం, గాలికుంటు టీకాలు – వీటి మీద మీరు చదువుతూనే వున్నారు. కాని గేదె పొదుగులో నుండి పట్నంలో వినియోగదారుని గిన్నె దాకా పాలు వెళ్ళే దారిలో ఎన్ని ఇంజన్లు వున్నవో ఒకసారి లెక్క వేయండి. క్యాన్లు మోసే వ్యాను వున్నది. కరెంటు పోయినప్పుడు బల్క్ కూలరును నడిపే జనరేటరు వున్నది. చల్లబడిన పాలు తీసుకువెళ్ళే ట్యాంకరు వున్నది. ఇవి గాక ఇవాళ మన సభ్యులలో చాలామందికి ట్రాక్టర్లు, కొందరికి కార్లు కూడా వున్నవి. వీటిలో ఏది ఆగినా నష్టపోయేది చివరకు పాలు పోసే రైతే.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివి, ఉద్యోగం మాత్రం సహకార శాఖలో చేస్తున్నవాణ్ణి. చదివింది ఒకటి, చేసేది ఒకటి అని మా ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటారు. ఆ చదువు నా ఉద్యోగంలో గట్టిగా పనికివచ్చిన సందర్భం ఒక్కటే. దానిని చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాను.

కొన్నేళ్ళ క్రితం చీమకుర్తి ప్రాంతంలో ఒక సంఘానికి సొంత పాల వ్యాను వుండేది. రేడియేటరులో నీళ్ళు ఊరికే తగ్గిపోతున్నవని, అడుగున ఆయిలు కారుతున్నదని దానిని ఒక షెడ్డులో ఇచ్చారు. మేస్త్రీ హెడ్డు విప్పి కొత్త గాస్కెట్ వేశాడు. అడుగున ఆయిలు నిలవుండే తొట్టిని, అంటే సంప్‌ను కూడా దింపి, శుభ్రం చేసి మళ్ళీ బిగించాడు. మూడు రోజులు బండి బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో రోజు ఉదయం 12 క్యాన్లతో ఒంగోలు రోడ్డు మీద పోతూ వుండగా ఇంజనులో టకటకమని శబ్దం మొదలై, ఫర్లాంగు దూరం పోకముందే పట్టేసింది. అది ఎండాకాలం. ఇంకొక బండి దొరికి, క్యాన్లు మార్చి, శీతలీకరణ కేంద్రం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. అక్కడ మరగబెట్టి చూసే పరీక్షలో పాలు విరిగినవి. క్యానుకు 40 లీటర్ల చొప్పున 480 లీటర్లు. ఎవరి పాలు వారు సక్రమంగానే పోశారు గనుక సభ్యులకు సొమ్ము చెల్లించక తప్పదు. అది సంఘం నిధి నుండి పోయింది. ఆ మీద క్రాంక్ షాఫ్టు గ్రైండింగు, కొత్త బేరింగులు, వంగిన ఒక కనెక్టింగ్ రాడ్డు.

పాలకవర్గం కూర్చుని, ఆయిలు లైటు చూసుకోకుండా నడిపినందుకు డ్రైవరు జీతంలో నెల నెలా కోత వేయాలని తీర్మానించింది. నేను తనిఖీకి వెళ్ళేసరికి ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో వున్నది. డ్రైవరు వచ్చి, "లైటు వెలగంగానే ఆపానండీ సారూ, ఆపేలోగానే శబ్దం వచ్చేసింది. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. నిజం చెప్పాలంటే నేనతని మాట నమ్మలేదు. నా నివేదికలో "డ్రైవరు అజాగ్రత్త వల్ల" అని వ్రాయడం కూడా మొదలుపెట్టాను. ఆ సాయంత్రం బస్సు రావడం ఆలస్యమై, వూరికే కూర్చోలేక ఆ షెడ్డుకు పోయాను. ఇంజను విప్పి వున్నది. ఆయిలు పంపు మూతి దగ్గర వుండే జల్లెడను తీసి చూశాను. పచ్చి మిరప తొడిమలంత ముక్కలు, రబ్బరు మాదిరివి, జల్లెడ కన్నాలన్నీ కమ్మేసి వున్నవి. అది ప్యాకింగు పేస్టు.

మేస్త్రీ చెడ్డవాడు కాడు. ఆ చుట్టుపక్కల అంత పనివాడు లేడు. ఆయిలు కారుతున్నదని మన సంఘంవాళ్ళే పదే పదే అన్నారు గనుక, మళ్ళీ మాట రాకూడదని అంచు చుట్టూ పేస్టు రెండింతలు పూశాడు. బోల్టులు బిగించినప్పుడు ఎక్కువైన పేస్టు సగం బయటికి వస్తుంది, అది కంటికి కనిపిస్తుంది, గుడ్డతో తుడిచేస్తారు. మిగిలిన సగం లోపలికి నొక్కుకుపోతుంది. అది ఎవరికీ కనిపించదు. గట్టిపడిన తరువాత వేడి ఆయిలు తగిలి తగిలి ముక్కలుగా తెగి తొట్టిలో పడుతుంది. పంపు పీల్చేటప్పుడు ఆ ముక్కలు జల్లెడకు అతుక్కుంటాయి. నెమ్మదిగా నడిచేటప్పుడు ఆయిలు సరిపోతుంది. బరువుతో వేగంగా పోయేటప్పుడు చాలదు. లైటు వెలిగే పాటికి ఒత్తిడి అడుగంటి, బేరింగు అప్పటికే కాలిపోయి వుంటుంది. డ్రైవరు చెప్పినదంతా నిజమే. నా వాక్యం కొట్టేసి మరొకటి వ్రాశాను, తీర్మానం తరువాతి సమావేశంలో రద్దయింది. మేస్త్రీ ఆ జల్లెడ చూసి ఏమీ వాదించలేదు. రెండోసారి పనికి కూలీ తీసుకోలేదు. సామాను ఖర్చు మాత్రం సంఘమే భరించింది.

ఇంత చిన్న పేస్టు ముక్క అంత పని ఎందుకు చేస్తుందో తెలియాలంటే ఇంజను లోపల ఏమి జరుగుతున్నదో కొంచెం చూడాలి. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క పిస్టను సెకనుకు 33 సార్లు పైకి వెళ్ళి కిందికి వస్తుంది. డీజిల్ మండినప్పుడు సిలిండరులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 80 కిలోలు అనుకుందాము. కొత్త టర్బో ఇంజన్లలో ఇది వంద దాటి ఎంతో పైకి పోతుంది. పిస్టను వ్యాసం 10 సెంటీమీటర్లయితే దాని నెత్తి మీద పడే బరువు ఆరు టన్నుల పైమాటే. ఆ దెబ్బనంతా కనెక్టింగ్ రాడ్డు కింద వున్న రెండు అర్ధచంద్రాకారపు బేరింగు షెల్స్ భరించాలి. క్రాంకుకూ షెల్లుకూ మధ్య వుండే సందు దాదాపు ఒక తల వెంట్రుక మందం. ఆ సందులో ఒత్తిడితో వచ్చే ఆయిలు పొర మీదనే క్రాంకు తేలుతూ తిరుగుతుంది. తడిసిన చెరువు గట్టు మీద కాలు జారినట్టు అన్నమాట – కాలికీ మట్టికీ మధ్య నీరున్నంతవరకు రాపిడి లేదు. ఆయిలు వున్నంతకాలం ఇనుముకు ఇనుము తగలదు. పొర తెగిన మరుక్షణం షెల్లు మీద వున్న మెత్తని లోహం కరిగి, క్రాంకుకు అంటుకుని, షెల్లు తన చోటు వదలి తిరుగుతుంది. మన సంఘం బండిలో జరిగింది ఇదే.

కాబట్టి ఇంజను విప్పి బిగించేటప్పుడు జరిగే తప్పులలో ఆయిలు దారిని మూసేవి అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. పేస్టు ఒక్కటే కాదు. క్రాంకు మెయిన్ బేరింగులలో పై షెల్లుకు ఆయిలు వచ్చే కన్నం వుంటుంది, చాలా ఇంజన్లలో కింది షెల్లుకు వుండదు. రెండూ ఒకే కొలత, చూడటానికి కవల పిల్లలు. పైది కింద, కిందిది పైన వేస్తే చక్కగా కూర్చుంటాయి, చేత్తో తిప్పితే క్రాంకు హాయిగా తిరుగుతుంది. స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే పట్టేస్తుంది. హెడ్డు గాస్కెట్ కూడా అటువంటిదే. దాని మీద పై వైపు ఏదో తెలిపే గుర్తు వుంటుంది. తిరగేసి వేసినా కొన్ని ఇంజన్లలో బోల్టు కన్నాలన్నీ కలుస్తాయి, రాకర్లకు ఆయిలు పోయే ఒక్క కన్నం మాత్రం మూసుకుపోతుంది. అన్నిటికన్నా అవమానకరమైనది ఇంకొకటి: పీల్చే గొట్టంలో దుమ్ము పడకుండా గుడ్డ కుక్కి, బిగించేటప్పుడు ఆ గుడ్డను మరచిపోవడం. నవ్వకండి. షెడ్డులలో అడిగి చూడండి, ఎవరో ఒకరు తలదించుకుంటారు.

ఇక బోల్టుల సంగతి. బోల్టు ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదని మనలో చాలామంది నమ్మకం. ఇది పూర్తిగా తప్పు. బోల్టు బిగించడమంటే దానిని కొద్దిగా సాగదీయడం. సాగిన బోల్టు స్ప్రింగు మాదిరిగా రెండు భాగాలనూ పట్టి వుంచుతుంది, అందువల్ల లోపల కొట్టే దెబ్బ దానికి దాదాపు తెలియదు. వదులుగా వున్న బోల్టు ప్రతి దెబ్బనూ తానే తిని, కొంతకాలానికి అలసి విరుగుతుంది. అతిగా బిగించినది సాగవలసిన హద్దు దాటి, బలం కోల్పోతుంది. మరి ఎంత బిగించాలి? చేతి అంచనా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పానాతో మనం వేసే బలంలో సుమారు పదింట తొమ్మిది పాళ్ళు రాపిడికే ఖర్చయిపోతుంది. మరకు ఆయిలు రాస్తే ఒక లెక్క, పొడిగా వుంటే ఒక లెక్క, తుప్పు పట్టి వుంటే మరొకటి. అందుకే తయారీదారులు ఇంత బలంతో, మరకు ఆయిలు రాసి లేదా రాయకుండా అని స్పష్టంగా వ్రాస్తారు. ఆ బలాన్ని కొలిచే పానా పేరు టార్క్ రెంచి. ఈనాటి చాలా ఇంజన్లలో హెడ్డు బోల్టులను ముందు కొంత బలంతో బిగించి, ఆ తరువాత ఇన్ని డిగ్రీలు తిప్పమంటారు. అటువంటి కొన్ని రకాల బోల్టులు ఒక్కసారికే, విప్పితే పారవేయవలసిందే. పాతవి మళ్ళీ వేసి సంఘానికి కొంత మిగిల్చానని అనుకునే మేస్త్రీ, మీకు రెండో హెడ్డు పని తెచ్చిపెడుతున్నాడు.

హెడ్డు బోల్టులను మధ్య నుండి చివరలకు, రెండు మూడు విడతలుగా బిగించాలన్నది పాత మేస్త్రీలందరికీ తెలుసు. కొందరికి తెలియనిది ఏమిటంటే బ్లాకులోని బోల్టు గుంతల్లో ఆయిలో నీళ్ళో నిలిచి వుంటే ఏమవుతుందో. ద్రవం నలగదు. బోల్టు దిగేకొద్దీ ఆ ద్రవం గుంత గోడను నెట్టి, పోత ఇనుప బ్లాకును సైతం చీలుస్తుంది. ఒక్క నిమిషం గాలి పట్టి ఆ గుంతలు ఊదితే పోయేదానికి బ్లాకు మొత్తం పోతుంది.

కనెక్టింగ్ రాడ్ల కింది టోపీలు తారుమారు కావడం మరొక సాధారణమైన పొరపాటు. రాడ్డునూ దాని టోపీనీ కలిపి బిగించిన తరువాతే ఫ్యాక్టరీలో ఆ గుండ్రం కోస్తారు. కాబట్టి రెండో నంబరు టోపీ మూడో రాడ్డుకు వేస్తే గుండ్రం గుండ్రంగా వుండదు. నంబర్లు చెక్కి వుండేది అందుకే. పిస్టను పిన్ను కదలకుండా పట్టే చిన్న వైరు ముక్క, సర్‌క్లిప్, గాడిలో సరిగా కూర్చోకపోతే పిన్ను పక్కకు జరిగి లైనరును నిలువునా చీరేస్తుంది. ఇంజెక్టరు కింద రాగి వాషరు పాతది గుంతలోనే అతుక్కుని వుంటే, దాని మీద కొత్తది వేస్తే, డీజిల్ పడవలసిన చోట పడదు. ఆయిలు ఫిల్టరు మార్చేటప్పుడు పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుని వుండిపోతే, రెండు రింగుల మధ్య నుండి ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. టైమింగ్ గుర్తులు ఒక్క పన్ను తప్పినా చాలా ఇంజన్లలో ముందు బలం పోతుంది, పొగ వస్తుంది. ఇంకా ఎక్కువ తప్పితే పిస్టను పైకి వచ్చినప్పుడు వాల్వు అడ్డం వుండి వంగిపోతుంది. బెల్టుతో నడిచే కార్ల యజమానులు దీనిని ముఖ్యంగా గుర్తించవలసి వుంటుంది.

ఇవన్నీ మన పల్లె షెడ్డుల లోపాలే అనుకోనక్కరలేదు. 1983 మే 5న అమెరికాలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి మూడు ఇంజన్ల పెద్ద విమానం ఒకటి మయామి నుండి బహామా దీవులలోని నాసా నగరానికి బయలుదేరింది. ముందు రాత్రి మెకానిక్కులు మూడు ఇంజన్లలోనూ ఒక చిన్న భాగాన్ని మార్చారు. ఆయిలులో ఇనుప రజను వున్నదేమో పట్టి చూపే అయస్కాంతపు బిరడా అది. దానికి ఆయిలు కారకుండా రబ్బరు రింగులు వుండాలి. ఆ భాగాలు మామూలుగా రింగులతో సహా సిద్ధంగా దొరికేవి. ఆ రాత్రి రింగులు లేనివి చేతికి వచ్చాయి. ఎప్పటిలాగే వుండి వుంటాయనుకుని చూడకుండా బిగించారు. కారుతున్నదా అని కొద్ది సెకన్లు ఇంజన్లను తిప్పి చూశారు గాని ఆ కొద్దిసేపటిలో ఏమీ బయటపడలేదు. గాలిలోకి లేచిన తరువాత ఆయిలంతా కారిపోయి, ముందు ఒక ఇంజనును పైలట్లే ఆపవలసి వచ్చింది. వెనక్కి మళ్ళిన తరువాత మిగిలిన రెండూ ఆగిపోయినవి. సముద్రం 4,000 అడుగుల దూరానికి వచ్చిన దశలో, మొదట ఆపిన ఇంజనునే మళ్ళీ స్టార్టు చేసి ఎట్లాగో మయామిలో దించారు. 172 మందీ బతికి బయటపడ్డారు. ఇంజన్లను చేసినవారి తప్పు లేదు, నడిపినవారి తప్పు లేదు. పైగా మూడు ఇంజన్లకూ ఒకే రాత్రి ఒకే పొరపాటు జరిగింది, అందువల్ల ఒకటి పోతే ఇంకొకటి ఆదుకునే ఏర్పాటు కూడా పనికిరాకుండా పోయింది.

కార్ల ఫ్యాక్టరీలూ దీనికి మినహాయింపు కాదు. హ్యుందాయ్ కంపెనీ 2015లో అమెరికాలో సుమారు 4 లక్షల 70 వేల సొనాటా కార్లను వెనక్కి పిలిచింది. క్రాంక్ షాఫ్టు కోసినప్పటి లోహపు రజను పూర్తిగా కడగకుండా వుండిపోయి, బేరింగులకు ఆయిలు అందకుండా చేస్తున్నదని కారణం చెప్పారు. తొమ్మిదేళ్ళ తరువాత 2024లో టయోటా కూడా అటువంటి కారణంతోనే లక్షకు పైగా పెద్ద బండ్లను వెనక్కి పిలిచింది. అంతటి శుభ్రమైన ఫ్యాక్టరీలలోనే రజను మిగిలిపోతుంటే, చెట్టు కింద ఇంజను విప్పే మన చోట ఎంత మిగులుతుందో చెప్పనక్కరలేదు. గ్రైండింగుకు పోయి వచ్చిన క్రాంకు ఆయిలు కన్నాలను డీజిల్‌తో కడిగి, గాలితో ఊదకుండా బిగించనివ్వకండి.

దుమ్ము మాట వచ్చింది గనుక చీమకుర్తి వైపు సభ్యులకు ప్రత్యేకంగా ఒక విషయం. ప్రపంచానికి నల్ల గెలాక్సీ రాయిని పంపించే క్వారీలు మనవి. రామతీర్థం, బూదవాడ దారుల్లో లారీల వెనుక లేచే దుమ్ము మామూలు మట్టి దుమ్ము కాదు, అందులో రాతి పొడి వున్నది. అది ఇనుప లైనరును గీయగలంత గట్టిది. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా వుంటే భయం లేదు. కాని ఇంజను పని చేయించిన తరువాత ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్య వుండే రబ్బరు గొట్టం క్లిప్పు ఒక చుట్టు వదులుగా వదిలేస్తే, ఫిల్టరు ఎంత కొత్తదైనా గాలి ఆ సందులో నుంచి కూడా లోపలికి పోతుంది. కొత్త లైనర్లు, కొత్త రింగులు వేసిన ఇంజను తక్కువ కాలంలోనే నీలం పొగ కక్కుతూ, ఆయిలు తాగుతూ, ఆయిలు పోసే మూత తీస్తే లోపలి నుండి పొగ ఊదుతూ వుంటుంది. "కంపెనీ రింగులు కాదు, డూప్లికేటు వేశారు" అని షాపువాడి మీదకు పోయేముందు ఆ గొట్టం లోపలి వైపు వేలు పెట్టి రాసి చూడండి. సన్నని బూడిద రంగు పొడి అంటితే కారణం దొరికినట్టే. జనరేటరు గది క్వారీ రోడ్డు పక్కన వున్న సంఘాలు ఈ పరీక్ష నెలకొకసారి చేయవలసి వుంటుంది.

మరి సంఘం ఏమి చేయగలదు? మనమెవ్వరమూ మేస్త్రీ పక్కన కూర్చుని ప్రతి నట్టూ లెక్కపెట్టలేము. అయినా కొన్ని పనులు చేయించుకోవచ్చు. నా అనుభవంలో మేస్త్రీలు వీటికి కోపగించుకోరు, మర్యాదగా అడగాలి, అంతే. విప్పేముందే టోపీల నంబర్లు, టైమింగ్ గుర్తులు, గొట్టాల అమరిక ఫోనులో ఫొటోలు తీసి వుంచమనండి. ఈ రోజుల్లో ఫోను లేని మేస్త్రీ లేడు. పాత సామానంతా – బోల్టులు, వాషర్లు, గాస్కెట్లు, షెల్స్ – ఒక డబ్బాలో వేసి సంఘానికి తిరిగి ఇమ్మనండి. పాత వాషర్లు నాలుగు వుండవలసిన చోట మూడే వుంటే నాలుగోది ఎక్కడున్నదో అప్పుడే తెలుస్తుంది. సంప్ మూసేముందు మాత్రం కార్యదర్శో, పాలకవర్గ సభ్యుడొకరో అక్కడ వుండటం మంచిది. ఆ ఐదు నిమిషాలు చాలు. పేస్టు అంచున సన్నని తీగ మాదిరిగా మాత్రమే పూయాలి. అసలు కాగితపు గాస్కెట్ వున్నచోట చాలావరకు పేస్టు అవసరమే వుండదు.

బేరింగులు విప్పిన ఇంజనును మొదటిసారి స్టార్టు చేయడంలో కూడా తొందర పనికిరాదు. డీజిల్ కట్ చేసి వుంచి, ఆయిలు లైటు ఆరేదాకా స్టార్టరుతో విడతలు విడతలుగా తిప్పాలి. పది సెకన్లు తిప్పితే కొంతసేపు ఆగాలి, లేకపోతే స్టార్టరు కాలుతుంది. లైటు ఆరిన తరువాతే డీజిల్ ఇవ్వాలి. స్టార్టయిన వెంటనే యాక్సిలరేటరు తొక్కి "ఎట్లా వుంది చూడండి సార్" అని చూపించే అలవాటు చాలామందికి వున్నది. ఆయిలు ఇంకా పై దాకా చేరని ఆ క్షణాల్లోనే కొత్త షెల్స్ మీద మొదటి గీత పడుతుంది. పావుగంట నెమ్మదిగా నడిపి, ఆపి, అడుగున కారుతున్నదా, నీళ్ళు తగ్గినవా చూసి, అప్పుడు రోడ్డు మీదకు తీయాలి. మొదటి ఆయిలు మామూలు గడువు కంటే ముందే మార్చాలి. తీసిన ఆయిలును తెల్లని గుడ్డలో నుంచి వడకట్టండి. గుడ్డ మీద మెరిసే పొడి గాని, రబ్బరు ముక్కలు గాని కనిపిస్తే బండిని పాలకు పంపకుండా సంప్ మళ్ళీ దింపించండి.

వాహనం లాగ్ పుస్తకంలో ప్రతి మరమ్మతుకూ తేదీ, కిలోమీటర్లు, ఏ భాగం విప్పారు, ఎవరు బిగించారు, ఏ సామాను కొత్తది వేశారు అన్నవి వ్రాయించండి. "ఇంజను పని – ఇంత సొమ్ము" అని ఒక్క ముక్క వ్రాసిన బిల్లులు తనిఖీలో నాకు ఇప్పటికీ ఎక్కువగా కనిపిస్తున్నవి. నేను చెప్పిన ఆ వ్యాను బిల్లు కూడా అటువంటిదే. సంప్ దింపినట్టు అందులో వ్రాసి వుంటే, డ్రైవరు మీద తీర్మానం చేసేముందు పాలకవర్గంలో ఎవరో ఒకరు ఆ జల్లెడ తీయించి చూసేవారు.